హెడ్‌ఫోన్స్‌లో మిక్సింగ్ వేరు, స్టేజీ మీద సౌండ్ వేరు



మీ బాబో పాపో ల్యాప్‌టాప్‌లో పాటలు మిక్సింగ్ చేస్తుంటే చదువు పాడవుతుందని దిగులు పడుతున్నారా? ఆ పని వెనుక మన సైన్సు పుస్తకంలోని ధ్వని పాఠమే ఉంది. యాన్యువల్ డే రిహార్సల్లో నేను చూసింది చెబుతాను.

తొమ్మిదో తరగతి బాబు ఒకడు ఇంట్లో పాటలు చక్కగా మిక్స్ చేసేవాడు. పిల్లల బ్యాండ్ కోసం అతన్ని గ్రౌండ్‌లో మిక్సర్ ముందు నిలబెట్టాం. పాడే పాప "నా గొంతు నాకే వినపడట్లేదు" అంది. బాబు వాల్యూమ్ పెంచాడు. మైకు కీచుమంది. అతని ముఖం చిన్నబోయింది.

తేడా ఎక్కడ? స్టూడియోలో తప్పు వస్తే మళ్లీ రికార్డు చేయవచ్చు. స్టేజీ మీద ఆ వీలు లేదు. పైగా స్పీకర్ శబ్దం కూడా మైకులోకి వెళ్తుంది, పెద్దదై మళ్లీ స్పీకర్లోంచి వస్తుంది. ఇలా తిరుగుతూ పెరిగితే వచ్చే కీచునే ఫీడ్‌బ్యాక్ అంటారు.

మైక్ సెట్ ఆయన వచ్చి మూడు పనులు చేశారు. మైకును పాప నోటికి దగ్గరగా పెట్టించారు. పాడేవాళ్లకు వినిపించే మానిటర్ స్పీకర్‌ను మైకు వెనకవైపుకు జరిపారు. అలాంటి మైకులు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటాయి. గొంతు పెంచే బదులు కీబోర్డు తగ్గించారు. కీచు ఆగింది, పాట వినిపించింది. బాబు అవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. యాన్యువల్ డే రోజు ఆయన పక్కనే నిలబడి మిక్సర్ చూసుకున్నాడు.

అయితే ఒక జాగ్రత్త. ఈ పనిలో చెవులే పెట్టుబడి. పనిచేసేవాళ్లు 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం చేయాలని అమెరికాలోని నియోష్ సంస్థ చెబుతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో సౌండ్ బాక్సులకు ఆనుకుని పిల్లల్ని నిలబడనివ్వకండి. చెవిలో గుయ్యిమంటుంటే వెంటనే దూరంగా తీసుకెళ్లండి. పెద్ద శబ్దానికి పోయిన వినికిడి మళ్లీ రాకపోవచ్చు.

ఇంట్లో చేయించండి: 100 డెసిబెల్స్ దగ్గర ఎంతసేపు ఉండవచ్చో మీ పిల్లల చేత లెక్క కట్టించండి. ఐదుసార్లు సగం చేస్తే జవాబు 15 నిమిషాలు. ఆ లెక్క వాళ్లంతట వాళ్లే చేస్తే, ఈసారి హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తగ్గించమని మీరు అరవక్కర్లేదు.