తెలంగా సిపాయి

ఒంగోలునకు తూర్పున సముద్రపుటొడ్డున కొత్తపట్నము కలదు. ఒకప్పుడది చిన్న రేవు. ఊరి ముందర ఇసుకతిన్నెలు, వాని కావల సముద్రము. ఊరికి పడమట నల్లరేగడి చేలు. రెండువందల ఏబది యేండ్ల క్రిందట ఈ ప్రాంతపు పేదవానికి చేను గాని సముద్రము గాని కూడు పెట్టవలెను. పదునెనిమిదవ శతాబ్దమున మూడవ త్రోవ యొకటి తెరచుకొనెను. అది పరదేశపు వర్తకుల కొలువున చేరి తుపాకి పట్టుట. తెలుగుసీమలో ఆ త్రోవ నడచినవారు వేలకొలది కలరు.

చరిత్ర గ్రంథములలో క్లైవు, బుస్సీ, హైదరాలీ మొదలగువారి పేర్లు చదువుచున్నాము. ఫలానా సేనాని ఫలానా కోటను గెలిచెనని చెప్పుకొనుచున్నాము. కాని సేనాని యొక్కడే కోట గోడ నెక్కడు. నిచ్చెన మోసినవాడు, మందుగుండు సంచి తడవకుండ తలపై పెట్టుకొని యేరు దాటినవాడు, గోడ క్రింద పడి ప్రాణము విడిచినవాడు వేరొకడు. అతనికిని తల్లి యుండెను, ఆలుబిడ్డలుండిరి. అతడెట్లు బ్రతికెను? అతని యిల్లెట్లు గడిచెను?

సిపాయి యను మాట పారసీక భాషనుండి వచ్చినది. సైనికుడని దాని యర్థము. ఫ్రెంచివారును ఇంగ్లీషువారును మన తీరమున ఆధిక్యము కొఱకు పోరాడుచున్న కాలమున ఐరోపా సైనికులు వారికి చాలకుండిరి. వేలమైళ్లు ఓడలలో వచ్చిన ఆ సైనికులలో అనేకులు ఇచ్చటి యెండలకును జబ్బులకును బలియగుచుండిరి. అందుచే ఉభయులును ఈ దేశస్థులకే తుపాకు లిచ్చి, కవాతు నేర్పి, తమ పద్ధతిని యుద్ధము చేయించిరి. 1758వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము తన సిపాయిలను పటాలములుగా ఏర్పరచ నారంభించెను.

ఆ యేడే, డిసెంబరు 7వ తేదీన, గోదావరి మండలములోని చందుర్తి యొద్ద ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని యుద్ధము జరిగెను. విజయనగర ప్రభువైన ఆనందగజపతిరాజు ఇంగ్లీషువారి పక్షమున నుండెను. రెండు సేనలలోను ఐరోపావారు వందలలో నుండగా ఈ దేశపు సిపాయిలు వేలలో నుండిరి. ఓడినది ఫ్రెంచివారు, గెలిచినది ఇంగ్లీషువారు అని వ్రాయబడినది. నేలపై ఒరిగినవారిలో మాత్రము ఇరుప్రక్కలను మనవారే యెక్కువ. మరుసటి సంవత్సరము ఏప్రిలు నెలలో మచిలీపట్టణపు కోటయు ఇంగ్లీషువారి వశమయ్యెను. అటుపిమ్మట గుంటూరు సర్కారు 1788లోను, ఒంగోలు ప్రాంతము 1801లోను కుంపిణీ పాలన క్రిందికి వచ్చినవి.

తెలుగు సిపాయి పేరు అప్పటికే దూరదేశములకు ప్రాకియుండెను. 1756వ సంవత్సరము అక్టోబరులో క్లైవు మద్రాసునుండి బంగాళమునకు ఓడలలో వెడలినప్పుడు మద్రాసు సిపాయిలును అతని వెంట పోయిరి. 1757 జూన్ 23న జరిగిన ప్లాసీ యుద్ధమున వారు పాల్గొనిరి. వారిని చూచి బంగాళ ప్రజలు కవాతు నేర్చిన ప్రతి సిపాయిని ‘తెలంగా’ యని పిలువసాగిరి. తరువాత ఆ కొలువున చేరిన బీహారువారికిని అయోధ్యవారికిని గూడ అదే పేరు చెల్లెను. వంద సంవత్సరములు గడచి 1857లో తిరుగుబాటు జరిగినప్పుడు ఢిల్లీ నగరవాసులు సిపాయిలను ఇంకను ‘తిలంగే’ లనియే పిలుచుచుండిరి. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరయ్యెను. ఆ పేరును మొదట మోసినవారి సొంత పేర్లు మాత్రము మరుగుపడిపోయెను.

రైతుబిడ్డ ఈ కొలువున ఏల చేరెను? పరాక్రమముపై మక్కువతో చేరినవారు కొందఱుండవచ్చును. ఎక్కువమందిని పంపినది ఆకలి. నాటి సేద్యము వాన దేవుని చేతిలో నుండెను. వాన కురిసినను కురియకున్నను జమీందారునకో నవాబునకో శిస్తు చెల్లింపక తప్పదు. సేన నడచిన దారిలో చేలు త్రొక్కిడిపడుట మరియొక విపత్తు. 1790 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చి ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. అట్టి దినములలో నెల తిరుగగనే చేతికి వచ్చు జీతము చిన్న విషయము కాదు. శతాబ్దము చివర సిపాయి జీతము నెలకు సుమారు ఏడు రూపాయలు, అనగా రెండు వరహాలు. దండయాత్రలో నున్నప్పుడు దానిపై బత్తెము లభించుచుండెను. ఐనను ఆ సొమ్ము పూర్తిగా అతనిది కాదు. అతడు తొడుగుకొను ఎఱ్ఱకోటు ఖర్చును జీతమునుండియే విరుచుకొనుచుండిరి.

సిపాయిగా చేరినవాడు మంచి నడవడి గలవాడైనచో నాయకు, హవల్దారు, జమేదారు, సుబేదారు పదవుల నొకదాని తరువాత నొకటి అందుకొనవచ్చును. అంతటితో సరి. తల నెరసిన సుబేదారుడైనను నిన్న మొన్న ఓడ దిగివచ్చిన పదునెనిమిదేండ్ల దొరబిడ్డకు లోబడి నడువవలసినదే.

మద్రాసు సైన్యమున ఒక విశేషము కలదు. బంగాళపు సిపాయి సాధారణముగా భార్యాపిల్లలను స్వగ్రామమున విడిచి కొలువునకు పోవుచుండెను. మద్రాసు సిపాయి అట్లు కాదు. అతని కుటుంబము పటాలము చెంతనే గుడిసెల వరుసలలో కాపురముండెను. పటాలము కదలినచో కుటుంబమును కదలెను. ముందు తుపాకులు భుజమున నిడుకొని పురుషులు నడచుచుండ, వెనుక చంకలో బిడ్డతో, తలపై మూటతో స్త్రీలు నడచుచుండిరి. ముసలి తల్లిదండ్రులును ఒక్కొక్కప్పుడు ఆ గుంపులో నుండిరి. ఎద్దులపై ధాన్యము మోసికొనివచ్చు లంబాడీలు, అంగళ్లవారు వారి వెంట నుండిరి. దూరమునుండి చూచిన అది సేనవలె గాక, మూడు రాళ్ల పొయ్యితో సహా తరలిపోవుచున్న ఊరివలె కనబడియుండును.

ఆ యేడు రూపాయలపై బ్రతుకవలసినవారు ఒక్కొక్క యింట ఐదారుగురుండిరి. జీతము వేళకు అందినంతవరకు పొయ్యి వెలుగుచుండెను. కాని ఖజానా ఖాళీయైన దినములలో నెలల తరబడి జీతములు నిలిచిపోవుచుండెను. అప్పుడు ఇల్లు గడుపుట సిపాయి భార్య వంతు. మగడు యుద్ధమునకు పోయినచో ఆమెకు రెండు భయములు: అతడు తిరిగి వచ్చునో రాడో యన్నది యొకటి, అతడు రానిచో రేపటి గింజ యెచ్చటినుండి వచ్చునన్నది రెండవది. సిపాయిల కొడుకులను చిన్నతనముననే కొంచెము జీతముపై పటాలమున చేర్చుకొను పద్ధతి తరువాత ఏర్పడెను. అది అనాథ కుటుంబమున కాధారమయ్యెను. తండ్రి మోసిన తుపాకియే కొడుకు భుజముపైకి వచ్చుటయు దానివలన జరిగెను.

భూమిపై ఎంత దూరమైనను కుటుంబము వెంట నడువగలదు, సముద్రముపై నడువలేదు. సముద్రయానమున ఆచారము చెడునను భయమును పెక్కుమందికి కలదు. 1762వ సంవత్సరమున ఇంగ్లీషువారు మద్రాసునుండి ఫిలిప్పీను దీవులపై దండెత్తి, అక్టోబరు 6వ తేదీన మనీలా నగరమును పట్టుకొనిరి. ఆ దండులో కొన్ని వందల మంది మద్రాసు సిపాయిలుండిరి. 1764లో ఇంగ్లీషువారు ఆ దీవులను విడిచి వచ్చినప్పుడు కొందఱు సిపాయిలు తిరిగి రాలేదు. వారు కొలువు విడిచి మనీలాకు సమీపమున నున్న కైంతా యను ఊరిలో నిలిచి, అచ్చటి స్త్రీలను పెండ్లాడి, అచ్చటనే స్థిరపడిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట కలరు. కైంతాలో కొత్త కాపురములు వెలసినవి. మన తీరమున వారికొఱకు ఎదురుచూచిన తల్లులెందఱో ఎవ్వరును లెక్కింపలేదు.

1780వ సంవత్సరము తెలుగుసీమలోని సిపాయి కుటుంబములకు దుర్దినములను తెచ్చెను. ఆ యేడు వేసవి గడచిన పిమ్మట హైదరాలీ మహాసైన్యముతో కర్ణాటకముపై పడెను. అప్పుడు గుంటూరు సీమలో కర్నల్ బెయిలీ యను అధికారి క్రింద కుంపిణీ దండొకటి యుండెను. అందు సుమారు 2800 మంది కలరు. వారిలో చాల ఎక్కువమంది సిపాయిలే. వెంటనే దక్షిణమునకు రావలసినదని ఉత్తరువు వచ్చెను. ఆ దండు ఒంగోలు, నెల్లూరు మైదానములను దాటి మద్రాసు దిక్కునకు నడచెను. ఆగస్టు చివర కొసస్థలై యేటి యొద్దకు చేరునప్పటికి వరద వచ్చెను. ఏరు తీయువరకు కొన్ని దినము లాగవలసి వచ్చెను. ఆ కొన్ని దినములే వారి పాలిటి మృత్యువయ్యెను. పెద్ద సైన్యముతో మన్రో సేనాని కాంచీపురమున నుండియు, తాను కదలక, ఒక వేయి మందిని మాత్రము సాయము పంపెను. సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరు యొద్ద హైదరాలీయు టిప్పూయు బెయిలీ దండును చుట్టుముట్టిరి. మందుగుండు బండ్లు ప్రేలిపోయెను. దండు నాశనమయ్యెను. సిపాయిలలో అనేకులు మడిసిరి. మిగిలినవారు చెరబడిరి, లేదా చెదరిపోయిరి.

ఇది జరిగి నెల తిరుగకమునుపే విశాఖపట్టణమున నున్న సిపాయిలకు ఉత్తరువు వచ్చెను: ఓడ నెక్కి మద్రాసునకు పోయి హైదరాలీతో పోరాడవలెను. స్వస్థలమును విడిచి సముద్రముపై పోవుటకు వారు సమ్మతింపలేదు. అక్టోబరు 3వ తేదీన, ఓడ నెక్కవలసిన సమయమున, వారు తిరుగబడి తుపాకులు ప్రేల్చిరి. ఇంగ్లీషు అధికారులు కొందఱు చనిపోయిరి. సిపాయిలు ధనాగారమును దోచుకొని వెడలిపోయిరి. ఆ తిరుగుబాటు కొలదికాలమునకే అణగారిపోయెను.

వారు చేసిన హత్యలను, దోపిడిని మెచ్చుకొన నవసరము లేదు. కాని వారిని పిరికివారని యనుటయు న్యాయము కాదు. ఆ తీరపు సిపాయిలు అంతకుముందు తుపాకి గుండ్ల నెదిరించినవారే. వారి కాళ్ల నానాడు ఒడ్డున బంధించినది ప్రాణభయ మొక్కటియే కాదు. ఓడ నెక్కినచో గుడిసెలో నున్న ఆలుబిడ్డల గతి యేమి? ఈ ప్రశ్నకు ఉత్తరువులో జవాబు లేకుండెను.

కుంపిణీ కొలువు చేసిన ఈ సిపాయిలను కొందఱు దేశమును పరులకప్పగించినవారని నిందింతురు. ఆ నిందను తొందరపడి మోపరాదు. వారి కాలమున నిజాము, నవాబు, జమీందారు, ఫ్రెంచివాడు, ఇంగ్లీషువాడు అందఱును శిస్తు అడిగినవారే. దేశమంతయు ఒక్కటి యను భావము నేడు మనకున్నట్లు వారికి లేకుండెను. ఎవరి ఉప్పు తిందుమో వారిపట్ల విశ్వాసముగా నుండవలెనను ధర్మము వారికి తెలియును. ఆ యుప్పును కొన్న సొమ్ము తమ యూరి శిస్తునుండియే వచ్చినదని వారికి చెప్పినవారు లేరు. వారి కష్టముతో పరుల రాజ్యము పెరిగెను, ఇది సత్యము. ఆ కష్టమునకు వారికి దక్కినది నెలకు ఏడు రూపాయలు, ఇదియు సత్యము. రెండింటిని కలిపి చూచినగాని వారి చరిత్ర మనకు బోధపడదు.

పొల్లిలూరున చెరబడిన బెయిలీ 1782లో శ్రీరంగపట్టణమున మరణించెను. 1816లో అతని బంధువొకడు అచ్చట అతనికి స్మారకచిహ్నము కట్టించెను. ఆ నగరముననే టిప్పూ సుల్తాను నిర్మించిన దరియా దౌలత్ భవనపు గోడపై పొల్లిలూరు యుద్ధము చిత్రింపబడియున్నది. అందు పల్లకిలో కూర్చున్న బెయిలీని గుర్తింపవచ్చును. అతని చుట్టును బారులు తీరి నిలిచిన సిపాయిలును అందు కలరు. వారిలో గుంటూరు దారిన నడచివచ్చినవాడెవడో, వాని కొఱకు ఏ గుడిసెలో దీపము వెలిగెనో, ఆ గోడ చెప్పదు.

కొత్తపట్నపు తీరమున నేడు చేపల పడవలు పోవుచున్నవి, వచ్చుచున్నవి. సాయంకాలము పడవలు వచ్చు వేళకు ఆడవారు ఒడ్డున నిలిచి, చేతులు నొసట నడ్డము పెట్టుకొని సముద్రమువైపు చూతురు. చరిత్ర చదువునప్పుడు గెలిచినవారెవరని అడుగుట చాలదు. ఒడ్డున నిలిచి యెదురుచూచిన వారెవరని కూడ అడుగవలెను.