రక్తపు చుక్కలో డీఎన్ఏ ఎక్కడిది?

ప్రశ్న: ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదని మా అబ్బాయి పుస్తకంలో చదివాను. మరి రక్తంతో డీఎన్ఏ పరీక్ష ఎలా చేస్తారండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలా మంచి సందేహమమ్మా. మన డీఎన్ఏలో దాదాపు అంతా కణ కేంద్రకంలోనే, 46 క్రోమోజోములుగా ఉంటుంది. ఎర్ర కణాలు ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తాయి. కొద్దిగా డీఎన్ఏ ఉండే మైటోకాండ్రియాలూ మిగలవు. లోపలంతా దాదాపు హిమోగ్లోబినే. అందుకే పరీక్షకు పనికొచ్చేవి తెల్ల రక్తకణాలు. ఎర్ర కణాలతో పోలిస్తే ఇవి చాలా తక్కువ. అయినా ఒక్క మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. పరీక్షకు చిన్న చుక్క చాలు. కోడి రక్తమైతే ఈ చిక్కే లేదు, దాని ఎర్ర కణాలకూ కేంద్రకం ఉంటుంది.

అయితే డీఎన్ఏ ఉండాలంటే కేంద్రకం తప్పనిసరేమీ కాదు. బ్యాక్టీరియాకు అసలు కేంద్రకమే లేదు. దాని డీఎన్ఏ కణద్రవ్యంలోనే చుట్టుకుని ఉంటుంది. మొక్కల్లో హరితరేణువులకూ సొంత డీఎన్ఏ ఉంది.

మన మైటోకాండ్రియాలోనూ 37 జన్యువులున్నాయి. అవి తల్లి నుంచే వస్తాయి. కుదురు లేని వెంట్రుక దొరికినప్పుడు నిపుణులు ఎక్కువగా ఈ మైటోకాండ్రియా డీఎన్ఏనే ఆశ్రయిస్తారు.

మళ్లీ రక్తపరీక్ష సంగతికొస్తే, ఎముక మజ్జ మార్పిడి జరిగినవారి రక్తంలో దాత డీఎన్ఏ కనిపిస్తుంది. అలాంటివారు పరీక్షకు ముందే ఆ సంగతి ల్యాబ్‌లో తప్పక చెప్పాలి.