మంచు అడవిలో నేర్చుకున్నవి

అమెరికాలోని మినెసోటాలో, డులూత్‌కు వాయవ్యంగా సాక్స్-జిమ్ బాగ్ అని సుమారు 300 చదరపు మైళ్ల చిత్తడి అడవి ఉంది. చలికాలంలో ఉత్తరాది గుడ్లగూబల్ని చూడటానికి జనం అక్కడికి వెళతారు. ఉద్యోగం కోసం ఈ రాష్ట్రానికి వచ్చి ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. ఆ రోడ్ల మీద తిరిగి తెలుసుకున్నవి మీకు చెప్పాలనిపిస్తోంది.

1. వేళ్లు కొంకర్లు పోతే కళ్లు కూడా పనిచెయ్యవు.
జనవరి ఉదయాల్లో మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా చలి ఉండొచ్చు. తొడుగుల మీద తొడుగులు వేసుకోండి. బైనాక్యులర్ అద్దాల మీద ఊపిరి తగలనివ్వకండి, వెంటనే మంచు పట్టేస్తుంది.

2. గుడ్లగూబ చెవులతో వేటాడుతుంది.
గ్రేట్ గ్రే ఔల్ అనే గుడ్లగూబకున్న పళ్లెం లాంటి ముఖం చప్పుడును చెవులవైపు మళ్లిస్తుంది. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు కనుక చప్పుడు ఎక్కడినుంచో దానికి కచ్చితంగా తెలుస్తుంది. అరమీటరు లోతు మంచు కింద తిరిగే వోల్ అనే పొట్టితోక ఎలుకను కూడా అలాగే పట్టేస్తుంది. మనం మాత్రం వెచ్చదనం కోసం కారు ఇంజన్ ఆపకుండా కూర్చుంటాం, తలుపులు దభాలున వేస్తాం. ఆ చప్పుడులో దానికి ఎలుక వినబడదు.

3. పక్షిని లేపామంటే దాని నోటికాడి కూడు తీసినట్టే.
2004-05 చలికాలంలో ఉత్తరాన ఎలుకలు తగ్గిపోయి గ్రేట్ గ్రే ఔల్‌లు వేల సంఖ్యలో మినెసోటాకు దిగివచ్చాయి. అవి ఆకలితో వచ్చాయని నాకు తెలుసు. అయినా ఒకటి కంచెస్తంభం మీద కూర్చుని మంచులోకి చెవి ఒగ్గి ఉంటే, ఫొటో కోసం దగ్గరికి నడిచాను. ఎగిరిపోయింది. బొమ్మ చక్కగా వచ్చింది, గోడకు పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. పెంపుడు జంతువుల కొట్లో ఎలుకలు కొనుక్కొచ్చి ఎరగా విసిరేవాళ్లూ ఉన్నారు. అది తప్పని గట్టిగా చెబుతాను. అలా అలవాటుపడ్డ పక్షి రోడ్డు పక్కకే వస్తుంది. ఆ ఏడాది కార్ల కింద పడి చచ్చినవి చాలా ఉన్నాయి.

4. పెద్దదాని కోసం వెళ్లి చిన్నదాన్ని దాటిపోవద్దు.
గుడ్లగూబ కనబడని రోజును వృథా అనుకున్న కాలం నాకూ ఉంది. ఆ రోజుల్లోనూ నల్లటోపీ చికడీ పిట్టలు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. పదీ పన్నెండు గ్రాముల ప్రాణి అది. పగలంతా గింజలు దాచుకుంటుంది, రాత్రి ఒంటి వేడిని మామూలు కన్నా పది డిగ్రీల దాకా తగ్గించుకుని తెల్లవారేదాకా బతుకుతుంది. కెనడా జే అనే పక్షి తన జిగురు ఉమ్మితో ఆహారాన్ని చెట్టు బెరడుకు అంటించి దాస్తుంది, మంచు కరగకముందే గుడ్లు పెడుతుంది. చలి చాలకపోతే ఆ నిల్వలు పాడవుతాయి. కెనడాలోని అల్గాంక్విన్ పార్కులో ఈ పక్షులు తగ్గిపోవడానికి శాస్త్రజ్ఞులు చూపిన కారణం ఇదే. ఆ చలిని విసుక్కున్న రోజులు తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

5. తిరుగు ప్రయాణమూ అడవిలోదే.
డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. గుడ్లగూబలు రోడ్ల అంచున వేటకు దిగేదీ అప్పుడే. వేట మీద చూపున్న పక్షి కారును పట్టించుకోకుండా రోడ్డుకు అడ్డంగా, నేలకు చాలా దగ్గరగా ఎగురుతుంది. ఆ వేళ ఇల్లు చేరే తొందర పెట్టుకోకండి, దయచేసి నెమ్మదిగా నడపండి.