పిల్లల ఆట, పెద్దల భయము

చదువవలసిన భాగము: యెహోషువ 22:10–34
ధ్యాన వాక్యము: సామెతలు 18:13



మన దాచేపల్లి ప్రాంతమున నాపరాళ్లకు కొదువ లేదు. మా చిన్నతనమున ఇంటి అరుగుమీదను, రచ్చబండమీదను ఆ రాళ్లపై పులిజూదపు గీతలు కనబడుచుండెడివి. పులులు 3, మేకలు 15. పులి మేకను దూకి చంపును; మేకలన్నియు కూడి పులిని కదలనీయక కట్టివేయును. అందులో పైసా పందెము లేదు. అయినను మా తండ్రిగారు ఆ ఆటను మా ఇంట నిషేధించిరి. ఏలయనగా దాని పేరులో 'జూదము' అను మాట యున్నది.

ఒకనాడు కళ్లములో ఆరబోసిన మిరపకాయలకు కావలియుండి, మేము బొగ్గుతో గీతలు గీసి చింతగింజలతో ఆడుచుండగా ఆయన చూచి కొట్టిరి. అది ఏమి ఆటయని ఆయన అడుగలేదు, మేమును చెప్పలేదు. ఆనాటినుండి మేము ఆట మానలేదు. ఆయన కన్నులయెదుట ఆడుట మాత్రము మానితిమి.

ఆ దెబ్బ మరువని మేమే, ఏబది ఏండ్లు దాటిన తరువాత అదే తప్పు చేసితిమి. హైదరాబాదులో చదువుకొనుచున్న మా కుమారుడు క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని సంచిలో రంగురంగుల పాచికలును, అంకెలు వ్రాసిన కాగితములును కనబడెను. ఇదేమిటని అడుగగా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట యనెను. అర్థమేమనగా 'చెరసాలలు, ఘటసర్పములు' అనెను. ప్రకటన 12వ అధ్యాయములోని ఘటసర్పము మాకు జ్ఞాపకము వచ్చెను. మరి యొక్క మాటయైనను వినక ఆ కాగితములను పొయ్యిలో వేసితిమి. అతడు ఎదురు చెప్పలేదు. సెలవులు ముగియకమునుపే నడికూడిలో రైలెక్కి వెళ్లిపోయెను. తరువాత కొన్ని నెలలు ఫోనులో "బాగున్నాను" అనుమాట తప్ప మరేమియు రాలేదు.

ఈ పాఠము మేము ముందు నేర్చుకొని, తరువాత మీకు వ్రాయుచున్నాము.

1. భయమునకు కారణముండవచ్చును

యొర్దాను తీరమున రూబేనీయులును, గాదీయులును, మనష్షే అర్ధగోత్రపువారును గొప్ప బలిపీఠము కట్టిరన్న వార్త వినగానే ఇశ్రాయేలీయులు షిలోహులో యుద్ధమునకు కూడుకొనిరి. వారిది వట్టి కోపము కాదు. పెయోరు విషయములో తెగులుచేత 24,000 మంది చచ్చుట వారెరుగుదురు. ఆకాను ఒక్కడు చేసిన పాపము అందరిమీదికి వచ్చుట వారెరుగుదురు.

మన పెద్దల భయమును అట్టిదే. కోడిపందెములో ఓడి మాచెర్లవారు రాజ్యము విడిచి ఏడేండ్లు వలసపోయిరని పల్నాటి వీరుల కథ చెప్పుచున్నది. కారెంపూడి మనకు ఎంత దూరము? పందెములచేత పొలము పోగొట్టుకొన్న ఇండ్లను మనము చూడలేదా? పందెము కాసి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినది. కాబట్టి ఆటయనగానే తండ్రి గుండె అదరిన యెడల, పిల్లలు అతనిని చూచి నవ్వరాదు.

పైన చెప్పిన ఘటసర్పముల ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు ప్రకటించిరి. 1982లో అచ్చట ఒక బాలుడు ప్రాణము తీసికొనగా, అతని తల్లి ప్యాట్రిషియా పుల్లింగ్ ఈ ఆటయే దానికి కారణమని నమ్మి, మరుసటి యేడు దీనికి విరోధముగా ఒక సంఘము స్థాపించెను. అనేక క్రైస్తవ గృహములలో ఆట పుస్తకములను పారవేసిరి. తరువాత పరిశీలించినవారు ఈ ఆటకును ఆత్మహత్యలకును కారణసంబంధము కనుగొనలేదు. అయినను బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని మనము నిందింపవద్దు. దుఃఖము కారణమును వెదకును. దగ్గర నున్నదానిని పట్టుకొనును.

2. ఫీనెహాసు వెళ్లి వినెను

ఇశ్రాయేలీయులు కత్తి దూయకముందు యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను గిలాదునకు పంపిరి. వారి మాటలు మొదట కఠినముగానే యుండెను. అయినను జవాబు వినువరకు నిలిచిరి. విన్నప్పుడు సంగతి తెలిసెను: ఆ బలిపీఠము బలులకు కాదు, సాక్ష్యమునకే. రాబోవు దినములలో తమ పిల్లలు దేవుని ప్రజలలోనుండి వేరుచేయబడుదురేమో యను భయముతోనే వారు దానిని కట్టిరి! ఇరువైపులవారిదియు ఒకే భయము. అడుగకపోయిన యెడల రక్తము కారియుండును.

మేమును చాలా ఆలస్యముగా ఫోను చేసి, "నాయనా, ఆ ఆట ఎట్లు ఆడుదురు?" అని అడిగితిమి. అతడు ఒక గంటసేపు చెప్పెను. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడిపించును. మిగిలినవారు తలకొక పాత్ర ధరించి, ఇప్పుడు నేనిది చేయుదునని నోటితో చెప్పుదురు. ఆ పని నెరవేరినదో లేదో 20 ముఖముల పాచిక వేసి తెలిసికొందురు. అందరును కలిసి ఆపదను ఎదుర్కొందురు గనుక సామాన్యముగా ఒకరు గెలిచి ఒకరు ఓడుట యుండదు. మేము కాల్చిన కాగితములలో అతని పాత్ర రెండేండ్ల కథ యుండెను. ఆ పాత్ర గాయపడినవారికి కట్లు కట్టు వైద్యుడు.

ప్రభువు సంత వీధులలో పిల్లలు పెండ్లియాటయు, ఏడ్పుల ఆటయు ఆడుట చూచియున్నాడు (మత్తయి 11:16, 17). పెద్దల మొండితనమునకు ఆ ఆటనే ఉపమానముగా చెప్పెను గాని, పిల్లలు ఆడినందుకు వారిని గద్దింపలేదు.

3. పిల్లలు నెమ్మదిగా జవాబు చెప్పవలెను

నిందింపబడిన గోత్రములవారు తిరిగి నిందింపలేదు. దేవుని యెదుట ఉన్నది ఉన్నట్లు చెప్పిరి. యౌవనులారా, మీ తండ్రికి తెలియనిది మీరు గాక మరెవరు తెలుపుదురు? దాచిన ఆట నిర్దోషమైనదైనను, దాచుట దోషమగును. ప్రభువు పండ్రెండేండ్లవాడై దేవాలయములో నున్నప్పుడు తలిదండ్రులు ఆయన మాట గ్రహింపలేకపోయిరి. అయినను ఆయన వారితో కూడ నజరేతునకు వెళ్లి లోబడియుండెను (లూకా 2:50, 51).

4. విన్న తరువాత కాదనవచ్చును

వినుట యనగా అన్నిటికి ఒప్పుకొనుట కాదు. తండ్రి ఈ నాలుగు సంగతులు విచారింపవచ్చును: ఇందులో ధనము పందెముగా పెట్టుదురా? ఆరాధనకును చదువునకును చెందిన సమయమును ఇది తినుచున్నదా? దేవునికి చెందవలసిన భయభక్తులు మరిదేనికైనను పోవుచున్నవా? మన యెదుట దీనిని ఆడగలడా? మా ఇంట రెండవ ప్రశ్న తగిలెను. శనివారము రాత్రి తెల్లవార్లు ఆడి ఆదివారము నిద్రపోవుచుండుట అతడే ఒప్పుకొని, పది గంటలకు ముగించెదనని మాట ఇచ్చెను. కాగితములు కాల్చినందుకు మేమును క్షమాపణ అడిగితిమి.

ఈస్టరునకు అతడు ఇంటికి వచ్చెను. ఆ ఘటసర్పముల కథ ఇప్పటికిని మాకు రుచింపదు. అయితే అరుగుమీద బొగ్గుతో గీతలు గీసి, తండ్రికొడుకులము పులిజూదము ఆడితిమి. మా తండ్రిగారితో ఒక్కసారియైనను ఆడియుండిన ఎంత బాగుండెడిదోయని ఆనాడు మాకు తోచెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఇంట పేరు వినియే కాదన్నది ఏదైనను ఉన్నదా?
2. పిల్లలారా, తలిదండ్రులకు చెప్పక దాచినది ఏమి? ఎందుకు దాచితిరి?
3. ఈ వారము ఎవరి మాట పూర్తిగా వినుటకు మనము కూర్చుందుము?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము అడుగకముందే మా అక్కరలు ఎరిగియు మా మొర వినువాడవు. మా బిడ్డల మాట వినుటకు మాకు ఓర్పు నిమ్ము. మా బిడ్డలకు నిజము పలుకు ధైర్యము నిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.