దేనికి సిద్ధమో ముందు చెప్పు

కాలేదు చిట్టీ. ఖాళీ గడులు లేవు, ఒకే వరుస రెండుసార్లు రాలేదు, తేదీలన్నీ ఒకే తీరులో ఉన్నాయి కాబట్టి "డేటా రెడీ, ఇక మోడల్ మొదలుపెట్టనా మామయ్యా?" అని రాశావు. నువ్వు చూసింది ఫైలు శుభ్రంగా ఉందా లేదా అని. సిద్ధంగా ఉందా అంటే మాత్రం, దేనికి అని అడుగుతాను.

వడ్లు ఆరాయా అని తాతయ్యను అడిగి చూడు, ఆయనా ఇలాగే ఎదురు ప్రశ్న వేస్తాడు. కొనుగోలు కేంద్రానికైతే 17 శాతం తేమ దాకా చెల్లుతుంది. అదే కుప్పలోంచి విత్తనానికి తీయాలంటే 13 దాటకూడదు.

నీల్ లారెన్స్ అనే ఆచార్యుడు 2017లో డేటా సిద్ధతను మూడు అంచెలుగా విడదీశాడు. ఉందని విన్న డేటా నిజంగా చేతికొచ్చిందా అన్నది 'సి'. అందులో ఏముందో, ఎంతవరకు నమ్మొచ్చో తేలిందా అన్నది 'బి'. నీ ప్రశ్నకు అది సరిపోతుందా అన్నది 'ఎ'. నువ్వు 'సి' దాటావు, అంతే. అప్పుడే 'ఎ'లో ఉన్నాననుకుంటున్నావు!

నీ ప్రశ్న ఏమిటి? వాన పడిన రోజు ఏ జిల్లాలో కరెంటు ఎక్కువగా పోతోంది అని. సరే, వాన అంకె చూడు. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. 2020 అక్టోబరు 13 సాయంత్రం నుంచి హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన రికార్డులో 14వ తేదీ ఎదురుగా ఉంటుంది. నీ కరెంటు పట్టికేమో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క. రెండింటినీ తేదీ పట్టుకుని కలిపితే ముందు కరెంటు పోయి, మర్నాడు వాన పడినట్టు తేలుతుంది. మోడల్ దానికీ ఒక గుణకం ఇచ్చేస్తుంది, దానికేం సిగ్గు? పోనీ ఒక రోజు వెనక్కి జరుపుదామంటే, తెల్లవారుజామున పడిన వాన తప్పు తేదీకి పోతుంది. గంటల వారీ లెక్క దొరికితే మంచిదే. లేదంటే రోజును వదిలి, వారం లెక్కన అడుగు.

సున్నాల సంగతి కూడా చూడు. వాన లేక సున్నా వేశారా, కొలిచే మనిషి రాక వేశారా? వారంలోని ఏడు రోజులకూ విడివిడిగా సగటు తీయి. ఆదివారం తక్కువగా, సోమవారం ఎక్కువగా ఏళ్ల తరబడి కనిపిస్తే అనుమానించు. వానకు ఆదివారం సెలవు లేదు కదా.

ఇక మన వరంగల్. ఇంటింటి లెక్కకు 2011 జనగణన తీసుకుని, జిల్లా పేరుతో జోడించేశావు. అన్నీ చక్కగా జతపడ్డాయని సంబరం కూడానూ! నాకు భయం వేసింది అక్కడే. 2011 నాటి వరంగల్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అన్నీ ఉన్నాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణ 10 జిల్లాలు 31 అయినప్పుడు అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్‌తో సహా ముక్కలైంది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కాబట్టి ఇప్పటి వరంగల్ కరెంటు కోతలను నువ్వు పాత ఉమ్మడి జిల్లా ఇళ్లతో భాగించావు. పేరు పుణ్యమా అని కోతలు బాగా తగ్గిపోయాయి! కొత్త జిల్లాలన్నీ కూడితే పాతది వస్తుందా అంటే, అదీ రాదు. చేర్యాల సిద్దిపేటకు వెళ్లింది. గ్రామాల స్థాయిలో జనగణన అంకెలు ఉన్నాయి, అక్కడి నుంచి పైకి కూడుకుంటూ రా. విసుగు పనే, తప్పదు.

కలవని పేరు వెతికితే దొరుకుతుంది. కలిసిన పేర్లనే నువ్వు అనుమానించాలి.

ఒక కాగితం తీసుకో. పైన నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయి. కింద ప్రతి నిలువు వరుసకూ ఎవరు కొలిచారు, ఏ వేళకు, ఏ హద్దుల్లో, సున్నా అంటే ఏమిటి అని రాసుకుంటూ పో. ఎక్కడైనా ఆగిపోతే నాకు ఫోన్ చేయకు. ఆ అంకె రాసిన ఆఫీసుకు చేయి.

— మామయ్య