వెనక పోర్షన్ లెక్కలు

గాంధీ గంజ్, బీదర్



మీ అమ్మానాన్నలు, అంటే మా అక్కా బావా, ఔరాద్ దిక్కు ఊరు వదిలి నీ ఇంటి వెనక పోర్షన్‌లో దిగుతున్నారంటే సంతోషం. ఫోన్లో నువ్వు "నాన్న దగ్గర పైసా తీసుకోను మామా" అన్నావు. మనసు మంచిదే గానీ, ఆ మాట బావ ముందు అనకు. పదిమందికి పెట్టిన మనిషిని చుట్టంలా కూర్చోబెడితే రెండో కప్పు చాయ్ అడగడానికి కూడా మొహమాటపడతాడు.

అలాగని నెలకింత ఇమ్మనీ అడగకు. నీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఆయనకు పెసలు, మినుములు వినాయక చవితి వేళకు, సోయా దసరా దాటాక, కందులు సంక్రాంతికి ఈ గంజ్‌లో తూగితేనే చేతిలో డబ్బు. పొలం పాలుకిచ్చినా అంతే. నెలవారీ వాటా పెట్టావంటే, జూన్‌లో విత్తనాలకు డబ్బు పోయాక ఆయన నీ ముఖం చూడలేడు. అందుకని ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఆయనకు వదిలెయ్: ఇంటి పన్ను, ఏడాదికి సరిపడా జొన్నలు, కందిపప్పు. కందులు వచ్చినప్పుడు రెండు బస్తాలు అమ్మకుండా ఆపి పప్పు మిల్లుకు పంపే పూచీ నాది. పాలు, కూరగాయలు, గ్యాస్, మందులు నువ్వు చూసుకో. నీళ్ల ట్యాంకర్ దగ్గర మాత్రం లెక్కలు తియ్యకు. అంతదాకా పోతే అది సంసారం కాదు, దుకాణం.

కరెంటు సంగతి వేరు. నీ మీటర్ నుంచే వెనక్కి వైరు లాగుతానన్నావట. 2023లో వచ్చిన గృహజ్యోతి పథకంలో నీ పాత వాడకం సగటుకు కాస్త పైదాకానే ఉచితం. నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఎండాకాలం రెండు కూలర్లు, నీళ్ల మోటరు ఒకే మీటరు మీద తిరిగితే దాటకుండా ఉంటుందా? వంటగది, తలుపు వేరుగానే ఉన్నాయి కదా, కరెంటు ఆఫీసు జెస్కాంలో అడిగి రెండో మీటరు పెట్టించు. రేషన్ కార్డు కూడా కలపకండి. గృహలక్ష్మి పథకం 2000 రూపాయలు కార్డుకు ఒక్క ఇల్లాలికే వస్తాయి. అక్కకు వచ్చేది అక్క ఇష్టం, ఆమె పోపుల డబ్బాలో దాచుకున్నా సరే.

నాకు భయం ఈ చిల్లర ఖర్చుల గురించి కాదు. ఎద్దులమ్మిన డబ్బు, కందుల డబ్బు కలిపి బావ ఆ పోర్షన్‌కు స్లాబు వేయించాడు. ఇల్లేమో నీ పేరు మీదుంది. అది ఇంటి ఖర్చు కాదురా, పెట్టుబడి. జహీరాబాద్‌లో ఉన్న నీ చెల్లె ఇవాళ ఏమీ అనదు. రేపు ఆమె పిల్లలు ఎదిగాక అంటారు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కర్ణాటకలో 1994లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. స్లాబుకు, సిమెంటుకు, మేస్త్రీకి నాన్న ఎంత పెట్టాడో కాగితం మీద రాసి, చెల్లెకు చూపించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. గంజ్‌లో తూకం, ధర, హమాలీ అన్నీ పట్టీలో రాసి రైతు చేతికిస్తాం. అది అతని మీద నమ్మకం లేక కాదు, మళ్లీ ఏడాది కూడా అతను మా అడ్తి దుకాణానికే రావాలని.

ఇంకో మాట. నువ్వు చూసుకుంటున్నావన్న ఉత్సాహంలో బావ పొలం నీ పేరున రాసిస్తానంటే ఇప్పుడే వద్దను. సాకుతాడన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, సాకకపోతే రద్దు చేయించుకునే వీలు పెద్దలకు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలోనే ఉంది. నువ్వు సాకవని నేననడం లేదు. కానీ రిజిస్ట్రీ అయిన మర్నాటి నుంచీ నీ ప్రతి పనినీ ఊరు వేరే కళ్లతో చూస్తుంది, నీ చెల్లె కూడా.

మీటరు దరఖాస్తుకు బావ ఆధార్ జిరాక్స్ తీసిపెట్టుకో. చెల్లె వచ్చే రోజు ముందే చెప్పు, కాగితం రాసేటప్పుడు నేనూ ఉంటాను. అక్కను జొన్న రొట్టెలు చేయమను.

నీ మామ