ధైర్యాన్ని ఇంటి దగ్గర వదిలి రండి

వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలోనే ధైర్యం కనిపిస్తుంది. భయపడొద్దు, దూకెయ్, నిన్ను నువ్వు నమ్ముకో అంటుంది. ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు ఆ మాటలు పనికొస్తాయేమో. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరబోతున్న వాళ్లకు మాత్రం నేను తిరగేసి చెబుతాను. ధైర్యాన్ని ఇంటి దగ్గర వదిలి, అనుమానాన్ని వెంట తెచ్చుకోండి. కరెంటు పనిలో ముప్ఫై ఏళ్లు నిలిచిన మనిషి ఎవరైనా మీ ఊళ్లో ఉంటే పనిచేసేటప్పుడు ఓసారి గమనించండి. ప్రతి తీగనూ దొంగను చూసినట్టు చూస్తాడు. నిన్న తనే బిగించిన బోర్డు దగ్గర కూడా అంతే.

కోర్సు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ వివరాలు ఏ ఐటీఐ నోటీసు బోర్డులోనైనా ఉంటాయి. పదో తరగతి పాసైతే చాలు, మార్కులను బట్టి సీటు ఇస్తారు. చదువు రెండేళ్లు. బ్యాచికి ఇరవై మంది. థియరీ, ప్రాక్టికల్, లెక్కలు, డ్రాయింగు ఉంటాయి. ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని ఇంకో సబ్జెక్టు ఉంది. చాలామంది ఆ క్లాసులో కునుకు తీస్తారు, తర్వాత ఎస్టిమేట్ కాగితం రాయడం రాక తిప్పలు పడతారు. ఆఖర్న అఖిల భారత స్థాయి పరీక్ష పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. 1950లో మొదలైన శిక్షణ పథకం ఇది. దేశంలో ఏ మూలకు వెళ్లినా ఆ కాగితం చెల్లుతుంది.

మొదటి నెలల్లో చాలామంది మనసు విరిగిపోతుంది. కరెంటు నేర్చుకుందామని వస్తే చేతికి ఆకురాయి ఇచ్చి ఇనప ముక్కను చదును చెయ్యమంటారు. హాక్‌సాతో కొయ్యమంటారు. తర్వాత రోజుల తరబడి తీగలకు జాయింట్లు వేయిస్తారు. ర్యాట్ టెయిల్, మ్యారీడ్, వెస్టర్న్ యూనియన్, బ్రిటానియా. వేసి, విప్పి, మళ్లీ వెయ్యాలి. ఇంటికెళ్లి ‘అక్కడ కరెంటు తప్ప అన్నీ చెబుతున్నారు నాన్నా’ అని చెప్పుకునేది ఈ రోజుల్లోనే. మానేద్దామనిపించేదీ ఇప్పుడే.

మానకండి. ఈ జాయింట్ల వెనక లెక్క ఒకటి ఉంది, అది తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది. బాత్రూముల్లో పెట్టే 3,000 వాట్ల ఇన్‌స్టెంట్ గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. దాని దారిలో ఎక్కడో స్క్రూ వదులైంది, అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించండి. ఆ ఒక్క బిందువు దగ్గర సుమారు 80 వాట్ల వేడి పుడుతుంది. మీ వర్క్‌షాపులో సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి మూడు కలిపి ప్లాస్టిక్ స్విచ్ బోర్డు లోపల పెట్టి మూతేసినట్టే లెక్క. ‘షార్ట్ సర్క్యూట్ వల్ల ఇల్లు కాలింది’ అని పేపర్లో వచ్చే వార్తల్లో కొన్నింటి వెనక ఉన్నది షార్ట్ కాకపోవచ్చు, ఇలాంటి వదులు స్క్రూ కావచ్చు. బిగింపు సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది వేళ్లు. ఆ తెలివి వేళ్లకు వచ్చేది నూరు జాయింట్లు వేశాకే.

ఇక అనుమానం దగ్గరికి వస్తాను. అసలు పాఠం ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మీ జేబులో నియాన్ టెస్టర్ ఉంటుంది. దాన్ని నమ్మడం మానేయడమే మీరు నేర్చుకోవాల్సిన మొదటి విషయం. ఎండలో దాని వెలుగు కనబడదు. ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే వెలుతురు బాగా తగ్గిపోవచ్చు. లోపలి బల్బు పోయి ఉండొచ్చు. అప్పుడు అది వెలగకపోతే తీగలో కరెంటు లేదనుకుంటారు, పట్టుకుంటారు. అందుకే బాగా నేర్చుకున్నవాడు మూడుసార్లు పెడతాడు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన ప్లగ్గులో పెట్టి టెస్టర్ బతికే ఉందా అని చూస్తాడు. తర్వాత పని చేయాల్సిన తీగ మీద పెడతాడు. వెలగకపోతే మళ్లీ వెనక్కి వచ్చి, తెలిసిన ప్లగ్గులో ఇంకోసారి చూస్తాడు, ఈ మధ్యలోనే టెస్టర్ చచ్చిపోలేదు కదా అని. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

అదే టెస్టర్ ఇంకో రకంగానూ బోల్తా కొట్టిస్తుంది. ఓ ఇంట్లో లైట్లు వెలగడం లేదు. బోర్డు విప్పి ఫేజులో పెడితే టెస్టర్ వెలిగింది. న్యూట్రల్‌లో పెట్టినా వెలిగింది! కొత్తగా వచ్చిన కుర్రాడు ‘రెండు ఫేజులు వచ్చేశాయి సార్’ అని కంగారు పడతాడు. జరిగింది అది కాదు. వెనక ఎక్కడో న్యూట్రల్ తెగింది. స్విచ్ వేసి ఉన్న బల్బు గుండా ఫేజు అవతలికి వచ్చి, దారి లేక న్యూట్రల్ తీగలో నిలబడింది. బల్బులన్నీ స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ చూడండి, రెండో వెలుగు ఆరిపోతుంది. కంటికి కనిపించినదాన్ని వెంటనే నమ్మకుండా ‘ఇలా ఎందుకు కనిపిస్తోంది’ అని ఒక్క నిమిషం ఆగడం. ఈ ఆగడం వచ్చిన రోజు మీరు హెల్పర్ స్థాయి దాటినట్టు.

రంగులనూ నమ్మకండి. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. పరీక్షలో అలాగే రాయండి. ఆ తర్వాత కొత్తగా కొన్న మిక్సీ తీగ కోసి చూడండి, అందులో చాలాసార్లు గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే నిజామాబాద్, కరీంనగర్, కడప పిల్లలు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు అక్కడ చాలాచోట్ల నీలం అంటే న్యూట్రల్, మన ఇళ్లలో మూడో ఫేజు. ఇక పాత ఇళ్లలో పద్ధతంటూ ఏమీ ఉండదు. ముందు వచ్చినవాడి సంచిలో ఏ రంగు చుట్ట మిగిలితే ఆ రంగు లాగి ఉంటాడు. స్విచ్‌ను ఫేజులో పెట్టాల్సింది న్యూట్రల్‌లో పెట్టి ఉంటాడు. అక్కడ స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది, హోల్డర్‌లో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది.

మెయిన్ ఆపేశాం కదా అనుకోకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా, సోలార్ ఉందా, పక్క వాటా నుంచి తీగ వచ్చిందా, అడగండి. పొలాల దగ్గర ఇంకా కష్టం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను విడదీసే ఏబీ స్విచ్ దించి ఫ్యూజు వైరు కట్టేవాడికి, మూడు బ్లేడ్లలో ఒకటి పూర్తిగా విడిపోలేదని కింద నుంచి కనబడకపోవచ్చు.

అనుమానం తీగల మీదే ఆగకూడదు, ‘ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు’ అనే మాట మీదా రావాలి. చాలామంది ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదనుకుంటారు. ఎంసీబీ కాపాడేది తీగను. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు. ఒక మనిషి నిలువునా పోతున్నా ఎంసీబీకి అది చిన్న బల్బు వేసినంత భారమే, కదలదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. అదీ ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే కాపాడలేదు. దాని మీదుండే టెస్ట్ బటన్ నొక్కి చూసిన ఇంటివాళ్లు ఎంతమంది ఉంటారో మీ బంధువుల ఇళ్లలోనే కనుక్కోండి.

సెలవు రోజుల్లో ఊళ్లో ఎవరైనా అన్న వెంట పనికి వెళ్లడం మంచిదే. పైపులు వెయ్యడం, గోడకు గాడి కొట్టడం, తీగ లాగడం అక్కడ వచ్చినంత త్వరగా వర్క్‌షాపులో రాదు. పనితనం నేర్చుకోండి, అలవాట్లు మాత్రం ఏరుకోండి. తీగ పైతొడుగు పళ్లతో లాగేవాడు, చెప్పుల్లేకుండా పని చేసేవాడు ఎంత పనిమంతుడైనా ఆ ఒక్క విషయంలో మీకు గురువు కాదు. కొత్త వైరింగ్‌కు నేరుగా సప్లై ఇచ్చేవాడు కూడా అంతే. మధ్యలో బల్బు పెట్టిన సిరీస్ బోర్డు ఒకటి సొంతంగా చేసుకోండి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి చెబుతుంది, ఫ్యూజు ఎగరదు. చేతిలో కాస్త డబ్బు పడ్డాక మల్టీమీటరు, ఆ తర్వాత క్లాంప్ మీటరు కొనుక్కోవచ్చు.

కాగితాల సంగతి కూడా ఇక్కడే. ఐటీఐ కాగానే అప్రెంటిస్‌షిప్ ఏడాది వదులుకోకండి. రైల్వేలోనో, పెద్ద ఫ్యాక్టరీలోనో, విద్యుత్ సంస్థలోనో దొరికితే ఊళ్లో పదేళ్లకు చూడని పానెళ్లు అక్కడ ఆ ఏడాదిలోనే చూస్తారు. సొంతంగా పని చేయాలనుకుంటే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి. ట్రేడ్ సర్టిఫికెట్ ఉంది కదా, ఇది దేనికి అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఇంకా చదవాలనుంటే లేటరల్ ఎంట్రీలో పాలిటెక్నిక్ రెండో సంవత్సరానికి, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరానికి దారి ఉంది. ‘బీటెక్‌లో సీటు రాలేదా’ అని జాలిగా అడిగే బంధువులకు ఈ దారి గురించి చెప్పాల్సిన పని లేదు. వాళ్లింట్లో మోటారు కాలినప్పుడు వాళ్లే ఫోన్ చేస్తారు.

ఇంటి దగ్గర వదిలిన ధైర్యం మరి ఎందుకూ పనికిరాదా? మనుషుల దగ్గర పనికొస్తుంది. తెలంగాణలో 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆడవాళ్లకు అవకాశం ఇవ్వలేదు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష లాంటి వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అనుమతితో పరీక్ష రాసి, 2020 డిసెంబరులో అధికారుల ముందు స్తంభం ఎక్కి చూపించారు. రాష్ట్రంలో తొలి లైన్‌విమెన్ అలా వచ్చారు. ఆ ధైర్యం కోర్టు గుమ్మం దగ్గర కావాల్సింది. స్తంభం మీద ఆడైనా మగైనా నియమం ఒక్కటే. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి, లైను చచ్చిందని చూసుకోవాలి, ఎర్త్ చెయ్యాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మీకు ధైర్యం అవసరమయ్యేది బహుశా ఇల్లు కట్టుకుంటున్న ఓ పెద్దాయన ముందు. గ్రానైటుకు, ఫాల్స్ సీలింగుకు వెనకాడని మనిషి ఎర్తింగ్ దగ్గరికి వచ్చేసరికి ‘ఎందుకు తమ్ముడూ, మా పాత ఇంట్లో ఎర్తే లేదు, నలభై ఏళ్లు ఏమీ కాలేదు’ అంటాడు. పక్కన మేస్త్రీ కూడా తలూపుతాడు. వయసులో పెద్దవాళ్లు, డబ్బిచ్చేవాళ్లు. ‘మీ ఇష్టం సార్’ అనేయడం తేలిక. అనకండి. వాదించకండి కూడా, ‘మీ పాత ఇంట్లో గీజరు, వాషింగ్ మెషీను ఉన్నాయా బాబాయ్’ అని అడగండి. అప్పటికీ వినకపోతే ఎస్టిమేట్ కాగితం తీసి, ‘ఎర్తింగ్, ఆర్‌సీసీబీ యజమాని వద్దన్నారు’ అని ఒక వాక్యం రాసి, కింద సంతకం కోసం పెన్ను అందించండి. ఆ పెన్ను చేతిలోకి వచ్చాక చాలామంది ఒకసారి కాగితం వైపు, ఒకసారి ఇంటి వైపు చూసి, ‘సరేలే, మొత్తం ఎంతవుతుందో చెప్పు’ అంటారు.